"బాగుందండీ" అన్న మాటని లెక్కలో వేయకు

కన్నా,

స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మాలో నువ్వు పంపిన ఫైలు మొదటి నుంచి చివరిదాకా నొక్కి చూశాను. ఆసుపత్రి ఓపీ అపాయింట్‌మెంటు యాప్‌కి స్క్రీన్లు శుభ్రంగా కుదిరాయి. అయితే ఈ ప్రోటోటైపుతో, అంటే అసలు యాప్ కట్టకముందు చేసిన ఈ నమూనాతో, ఏం తేల్చుకోవాలనుకుంటున్నారో మాత్రం ఎక్కడా రాసి లేదు. "యూజర్లకి చూపించి ఎలా ఉందో అడుగుతాం" అన్నావు ఫోన్లో. ఎలా ఉందని అడిగితే మనవాళ్ళు బాగుందండీ అనే అంటారు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, తను చేసిన పని చూపిస్తున్న కుర్రాడి మొహం మీద బాగాలేదని ఎవరంటారు? ఆ మాటతో నీకు పని లేదు. వాళ్ళ వేలు ఎక్కడ ఆగింది, దేని కోసం వెతికారు, ఏది నొక్కి గబుక్కున వెనక్కి వచ్చారు, అది చూడు. టెస్టు పై వారమే కాబట్టి ఈలోగా సర్దుకోవాల్సినవి రాస్తున్నాను.

ముందు ప్రశ్నలు రాసుకో. మీ యాప్‌లో నాకు మూడు కనిపిస్తున్నాయి. ఒంట్లో బాగాలేదని తెలుసు గానీ ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో తెలియని మనిషి సరైన విభాగానికి చేరగలడా? తన ఫోన్ నుంచి తల్లికో మామగారికో అపాయింట్‌మెంటు తీసుకునేవాళ్ళు పేషెంటు పేరు దగ్గర తమ పేరే కొట్టేస్తున్నారా? తీసుకున్న సమయాన్ని మార్చుకోవాలంటే దారి దొరుకుతుందా? ఈ మూడింటికీ ఒకే ప్రోటోటైపు సరిపోదు. మొదటిదానికి కాగితం చాలు. మిగిలిన రెండింటికీ నొక్కితే కదిలే స్క్రీన్లు కావాలి. పుట్టిన తేదీ ఎంచుకునే పెట్టె ఉంది చూశావా, దానికి ఈ రెండూ చాలవు, నిజంగా పనిచేసే పేజీ కోడ్ రాసి ఇవ్వాలి. అరవై ఐదేళ్ళ మనిషి పుట్టిన సంవత్సరం దాకా క్యాలెండర్‌ని వెనక్కి తిప్పడం ఎంత పనో బొమ్మ మీద నొక్కితే తెలియదు. పైగా చాలామంది పెద్దవాళ్ళకి తేదీ తెలియదు, వయసే తెలుసు. అక్కడ వయసు అడిగితే సరిపోతుందేమో మీ ఆసుపత్రి వాళ్ళని ముందే కనుక్కో.

పామ్ పైలట్ అనే జేబు కంప్యూటర్‌ని చేసిన జెఫ్ హాకిన్స్ మొదట ఒక చెక్కముక్కని జేబులో వేసుకుని తిరిగాడు. మీటింగులో ఎవరైనా తేదీ అడిగితే దాన్ని తీసి పుల్లతో రాస్తున్నట్టు నటించేవాడు. అందులో తెర లేదు, సర్క్యూట్ లేదు. అయినా ఆ సైజు జేబులో ఇమడుతుందా, రోజుకి ఎన్నిసార్లు తీయాల్సి వస్తుంది అన్న ప్రశ్నలకి ఆ చెక్కే సరిపోయింది. నీ ప్రశ్న ఎంతవరకో ప్రోటోటైపు అంతవరకే చెయ్యి.

కాగితం ప్రోటోటైపు అంటే మీ ఆఫీసులో నవ్వుతారన్నావు. నవ్వనీ. ఏ4 కాగితం మీద ఫోన్ తెరని అసలు సైజుకి ఒకటిన్నర రెట్లు గీయి, లేకపోతే పెద్దవాళ్ళు చదవలేరు. అట్టతో ఫోన్ ఆకారం కత్తిరించి టేబుల్‌కి అంటించు, స్క్రీన్లు దాని కింద జరుగుతాయి. కిందికి తెరుచుకునే జాబితాలు, హెచ్చరిక పెట్టెలు స్టిక్కీ కాగితాల మీద విడిగా రాసుకో. టైపు చేసే చోట ఓహెచ్‌పీ షీటు ముక్క పెట్టి, తుడిస్తే పోయే పెన్ను ఇస్తే వాళ్ళే రాస్తారు. స్క్రీన్లు మార్చే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి నోరు విప్పకూడదు, కనుబొమ్మ ఎగరేయకూడదు, కంప్యూటర్‌కి ఏం తెలుసో అంతే తెలిసినట్టుండాలి. వెతుక్కోవడానికి సమయం పడుతుంది కాబట్టి "వస్తోంది, ఆగండి" అని రాసిన చీటీ ఒకటి చేతిలో ఉంచుకోమను. అందరూ మరిచిపోయేది తప్పు స్క్రీన్లు. ఓటీపీ తప్పు కొడితే, ఆ రోజు డాక్టరు లేకపోతే, అప్పటికే స్లాట్ అయిపోతే ఏం కనిపిస్తుందో అవన్నీ ముందే గీసి ఉండాలి. సెషన్ మధ్యలో గీయడం మొదలుపెడితే ఎదుటి మనిషి తను ఏదో చెడగొట్టానని బిగుసుకుపోతాడు. అయితే కాగితం వేగాన్ని, వేలి సైజుని, స్క్రోల్‌ని పరీక్షించలేదు. వాటి గురించి కాగితం టెస్టులో ఏం కనిపించినా నమ్మకు.

ఫిగ్మాకి వద్దాం. ప్రోటోటైపు సెట్టింగుల్లో హాట్‌స్పాట్ (నొక్కితే కదిలే చోటు) సూచనలు ఆపెయ్యి. అవి ఉంటే ఖాళీ చోట నొక్కగానే ఎక్కడ నొక్కాలో నీలం పెట్టెలు మెరుస్తాయి, జవాబు నువ్వే చెప్పేసినట్టు. ల్యాప్‌టాప్ మీద మౌస్‌తో పెట్టకు, ఫోన్లో పెట్టు, అదీ నీ ఖరీదైన ఫోన్ కాదు, మామూలు ఆండ్రాయిడ్. దాని డెవలపర్ ఆప్షన్లలో "షో ట్యాప్స్" ఆన్ చేస్తే స్క్రీన్ రికార్డింగులో వేలు తగిలిన చోటల్లా చుక్క పడుతుంది. కానీ తాకకుండా గాల్లో తచ్చాడిన వేలు అందులో పడదు, చాలాసార్లు సమస్య అక్కడే దొరుకుతుంది. చేతుల్ని పైనుంచి తీసే ఇంకో ఫోన్ స్టాండుకి బిగించు. ఫిగ్మా మామూలు ప్రోటోటైపులో అక్షరాలు నిజంగా టైపు కావు, నొక్కగానే ముందే రాసిపెట్టిన పేరు వచ్చేస్తుంది. అందుకని పేరు, వయసు నింపే భాగం గురించి దాంతో ఏమీ తేల్చకు. ఫోన్లో అక్షరాల సైజు పెద్దది చేసుకుని వాడే పెద్దవాళ్ళు ఎందరో. ఫిగ్మా బొమ్మ ఆ సెట్టింగుని లెక్కచేయదు. అది అసలు యాప్ బిల్డ్ వచ్చాకే చూడగలవు, మరిచిపోకుండా జాబితాలో రాసుకో.

నీ స్క్రీన్లలో తెలుగు వరుసలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇంగ్లీషుకి పెట్టిన లైన్ హైటే, అంటే ఒక్కో వరుసకి ఇచ్చే ఎత్తే, తెలుగుకీ ఉంచావు. పై వరుస వత్తులు కింది వరుస గుడులకి తగులుతున్నాయి, "స్త్రీల వైద్యం" బటన్లో కింది భాగం తెగిపోయింది. 16 సైజుకి కనీసం 24 లైన్ హైట్ ఇచ్చి చూడు. పేషెంట్ల పేర్లన్నీ "టెస్ట్ 1", "టెస్ట్ 2" అని ఉన్నాయి. వెంకట సత్యనారాయణమూర్తి అని రాయి, తెర మీద పేరుండే కార్డు ఎక్కడ పగులుతుందో నీకే తెలుస్తుంది. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు పెట్టెలు దేనికి? ఇంటిపేరు ముందు రాసుకునే వాళ్ళం మనం, ఎవరు ఏది ఎందులో రాస్తారో ఆసుపత్రి కౌంటర్లో వెతికేవాళ్ళకి నరకం. బటన్లు ఆండ్రాయిడ్ చెప్పినట్టు 48 డీపీ (తెర మీద సైజుకి దాని కొలత) తగ్గకుండా చూడు. స్లాట్ల గళ్ళు ఇప్పుడు చిన్నగా ఉన్నాయి, పదిన్నర నొక్కబోతే పదకొండు పడుతుంది.

నొప్పిని మైకులో చెబితే విభాగం చూపించే ఆలోచన కూడా ఉందన్నావు. దానికి ఇప్పుడే ఇంజనీర్ల నెత్తిన కూర్చోకు. పక్క గదిలో ఒకరు కూర్చుని విన్నదాన్ని బట్టి జవాబు స్క్రీను పంపితే చాలు. విజార్డ్ ఆఫ్ ఓజ్ పద్ధతి అంటారు, ఐబీఎంలో జాన్ గూల్డ్ బృందం మాట వింటే టైపు చేసే యంత్రాన్ని 1980ల మొదట్లో ఇలాగే పరీక్షించింది, వెనకాల టైపు చేసింది మనిషే. లోపలి మనిషి మరీ తెలివిగా ఉంటే మాత్రం టెస్టు పాడవుతుంది. ఇవ్వగలిగిన జవాబుల జాబితా ముందే రాసివ్వు, అందులో లేనిదానికి "అర్థం కాలేదు" అనే రావాలి. కొన్నిసార్లు కావాలనే తప్పు విన్నట్టు కూడా పంపించు, మెషీన్ తప్పు వింటుంది కదా. సెషన్ అయిపోయాక అసలు సంగతి వాళ్ళకి చెప్పెయ్యి.

మనుషుల విషయం. ఒక్కో గుంపుకి ఐదుగురన్నది ఇలాంటి టెస్టుల మీద పరిశోధన చేసిన జేకబ్ నీల్సన్, టామ్ లాండవర్‌లు 1993లో ఇచ్చిన లెక్క నుంచి వచ్చింది. ఒక సమస్య ఒక మనిషికి ఎదురయ్యే అవకాశం సగటున 31 శాతం అనుకుంటే ఐదుగురితో దాదాపు 85 శాతం సమస్యలు బయటపడతాయి. మీ మేనేజర్ ఈ సంఖ్యని చెప్పి చేతులు దులుపుకుంటే ఇంకో లెక్క చూపించు. పదిమందిలో ఒకరికే ఎదురయ్యే సమస్య ఐదుగురిలో కనిపించే అవకాశం 41 శాతమే, దాన్ని 85కి తేవాలంటే 18 మంది కావాలి. డబ్బు కట్టే చోటా, మందుల చోటా అరుదైన తప్పు కూడా ప్రమాదమే. అందుకని 15 మందికి బడ్జెట్ ఉంటే ఒక్కసారే అందరినీ కూర్చోబెట్టకు. ఐదుగురు, సవరణ, మళ్ళీ ఐదుగురు, సవరణ, ఇంకో ఐదుగురు. మైక్రోసాఫ్ట్ గేమ్స్ విభాగం వాళ్ళు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ట్యుటోరియల్‌కి ఇంకా ముందుకెళ్ళారు, కారణం స్పష్టంగా ఉన్న తప్పుని ఇద్దరు మనుషుల మధ్యలోనే దిద్దేవారు. దాన్ని రైట్ (RITE) పద్ధతి అంటారు. మీ టీములో డెవలపర్ కూర్చుని చూస్తే నువ్వూ చేయొచ్చు.

మీకు రెండు గుంపులు: తమకోసం తీసుకునేవాళ్ళు, ఇంట్లో పెద్దలకోసం తీసుకునేవాళ్ళు. ఒక్కోదానికి ఐదుగురు కావాలంటే ఏడుగురిని పిలువు, రానివాళ్ళు ఉంటారు. స్మార్ట్‌ఫోన్ బాగా వాడతారా అని అడగకు, అందరూ వాడతామనే అంటారు. పోయిన నెలలో ఫోన్లో మీరే స్వయంగా ఏమేం చేశారు అని అడిగి రీచార్జి, బస్సు టికెట్, వీడియో కాల్, కరెంటు బిల్లు అని వాళ్ళ నోటి నుంచే రానివ్వు. ఆఫీసు వాళ్ళు, వాళ్ళ చుట్టాలు వద్దు. ఇచ్చే డబ్బు కూర్చోగానే ఇచ్చెయ్యి. చివర్లో ఇస్తే బాగా చేస్తేనే ఇస్తారనుకుంటారు.

టాస్కులు రాసేటప్పుడు తెర మీద ఉన్న మాట కాగితం మీద ఉండకూడదు. "ఆర్థోపెడిక్స్‌లో అపాయింట్‌మెంట్ బుక్ చేయండి" అంటే వాళ్ళు అక్షరాలు పోల్చి నొక్కుతారు, అది చూపు పరీక్ష. "మీ అమ్మగారికి వారం నుంచి మోకాలు పట్టేస్తోంది. గురువారం పొద్దున్న చూపించాలనుకుంటున్నారు" అని రాసి, అక్కడితో ఆపు. ఎముకల డాక్టరు అన్న మాట వాళ్ళు వెతుకుతారో, మోకాలు అని టైపు చేస్తారో, జనరల్ మెడిసిన్ నొక్కుతారో చూడు. ఒక గంటలో నాలుగు టాస్కులకి మించి పట్టవు. వాళ్ళ అసలు రోగాలు ఏవీ వాడకు, ఊహించిన పేషెంటు వివరాలు కార్డు మీద రాసి చేతికివ్వు. రికార్డింగుకి ఒప్పుకోలు తెలుగులో చదివి వినిపించు, ఏ వీడియో ఎవరు చూస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో అందులో ఉండాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, మీ లీగల్ వాళ్ళకి ముందే చూపించు.

సెషన్లో అసలు కష్టం నీ నోటిదే. "నేను పరీక్షిస్తున్నది యాప్‌ని, మిమ్మల్ని కాదండీ. దీన్ని నేను చేయలేదు, తప్పులు చెబితే నాకేం బాధ లేదు" అని మొదటే చెప్పు. చేసింది నువ్వే అయితే ఆ గదిలో నువ్వు కూర్చోకు, ఇంకొకరిని కూర్చోబెట్టు. అబద్ధమాడే పని కూడా తప్పుతుంది. మనసులో అనుకున్నది పైకి అనమంటే మనవాళ్ళకి సిగ్గు. వేరే విషయంతో అలవాటు చెయ్యి: మీ ఇంట్లో కిటికీలు ఎన్నో గదిగదీ తిరుగుతున్నట్టు పైకి లెక్కపెట్టండి అను. ఆ తర్వాత మాట ఆగితే "ఏం చూస్తున్నారండీ?" చాలు. "ఇది నొక్కమంటావా బాబూ?" అని నిన్నే అడుగుతారు, ఖాయం. "నేను పక్కన లేకపోతే ఏం చేసేవారండీ?" అని తిప్పి ఇచ్చెయ్యి. వాళ్ళు ఆగిపోతే మనసులో పదిదాకా లెక్కపెట్టు, సగంసార్లు ఆ మౌనంలోనే దారి వెతుక్కుంటారు. "అయ్యో, పైన ఉంది చూడండి" అన్నావంటే ఆ టాస్కు పోయినట్టే. పైకి మాట్లాడిస్తూ సమయం కొలవకు, మాట్లాడటం పనిని మారుస్తుంది.

ఇళ్ళకి వెళ్తే మనవడో కోడలో ఫోన్ లాక్కుంటారు. ప్రేమతోనే. నీకు తోడుగా మీ టీము నుంచి ఇంకొకరు వచ్చి ఉంటే మనవడిని పక్క గదిలో విడిగా ప్రశ్నలు అడగమను. అయితే నిజజీవితంలో కూడా ఆ మనవడే చేసిపెడుతున్నాడంటే మీ అసలు యూజర్ అతనే, అది నోట్స్‌లో పెద్దక్షరాలతో రాయి.

వాడటం ఎంత తేలికో అడిగే సస్ (SUS) ప్రశ్నపత్రం ఇస్తామన్నావు. జాన్ బ్రూక్ 1986లో రాసిన పది వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా అంకె ఇస్తారు, సగటు స్కోరు వందకి 68 దగ్గర ఉంటుంది. బేసి వాక్యాలకి ఇచ్చిన అంకెలోంచి 1 తీసి, సరి వాక్యాలకి 5లోంచి ఆ అంకె తీసి, అన్నీ కూడి 2.5తో హెచ్చిస్తారు. సరి వాక్యాలు వ్యతిరేకంగా ఉంటాయి కాబట్టి మర్యాదకి అన్నిటికీ 5 కొట్టిన మనిషి స్కోరు సరిగ్గా 50 వస్తుంది. అలాంటి కాగితం వస్తే పక్కన పెట్టు. ఐదుగురి సగటు మీద స్లైడు చేయకు, ఒక్కరు మారితే పది పాయింట్లు ఊగుతుంది. "80 శాతం యూజర్లు" అని కూడా రాయకు. ఐదుగురిలో నలుగురు అని రాయి.

నోట్స్‌లో చూసింది ఒక వైపు, నువ్వనుకున్నది ఇంకో వైపు. "కన్ఫ్యూజ్ అయ్యారు" అన్నది నీ ఊహ. "పేషెంటు పేరు దగ్గర తన పేరు రాసి, చివరి స్క్రీన్లో చూసుకుని మళ్ళీ మొదటికి వెళ్ళారు" అన్నది చూసింది. రోజుకి నలుగురికి మించి పెట్టకు, మధ్యలో అరగంట ఖాళీ ఉంచి, ఆ అరగంటలోనే చూసినవాళ్ళందరూ ఒక్కో విషయం ఒక్కో స్టిక్కీ మీద రాసి గోడకి అంటించండి. రాత్రికి రాసుకుందామంటే మూడో మనిషి, నాలుగో మనిషి కలిసిపోతారు.

శనివారం పైలట్, అంటే అసలు టెస్టుకి ముందు రిహార్సల్, ఒకటి పెట్టు, టీముకి సంబంధం లేని ఒక్క మనిషితో, రికార్డింగుతో సహా అంతా నిజంగానే. మైకు పనిచేయకపోవడం, రెండో టాస్కు నుంచి మూడోదానికి వెళ్ళే లింకు తెగి ఉండటం అప్పుడే దొరుకుతాయి. టాస్కుల కాగితం రేపటిలోగా పంపు, జవాబు ఎక్కడెక్కడ దొర్లిపోయిందో గుర్తుపెట్టి వెనక్కి పంపిస్తాను. భోజనం వేళకి చెయ్యి.

అమ్మ