జర్మనీ సంగతి తర్వాత, ముందు మా సర్టిఫికెట్లు ఇప్పించండి

సంపాదకులు గారికి,

నర్సింగ్ చదివిన పిల్లలకు జర్మనీలో, జపాన్‌లో బోలెడు ఉద్యోగాలున్నాయని మన జిల్లా అధికారులు చెప్పినట్టు ఈమధ్య మీ జిల్లా పేజీలో వేశారు. ఫొటో కూడా బాగానే వచ్చింది. ఊరుకుందామనే అనుకున్నాను గానీ, మా వీధిలోవాళ్లు ఆ పేపర్ పట్టుకొచ్చి "ఇంకేం, మీ అమ్మాయి పంట పండింది" అంటుంటే రాయక తప్పలేదు.

మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్‌తో సహా అన్నీ కాలేజీ బీరువాలోనే ఉన్నాయి. ఫీజు బాకీ ఉందట. ఆ బాకీ మాది కాదు, కన్వీనర్ కోటా సీటు, సర్కారు కట్టాల్సిన ఆర్టీఎఫ్ (ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్) డబ్బు. "గవర్నమెంటు వేశాక మీకు తిరిగిచ్చేస్తాం, ముందు మీరు కట్టండి" అంటారు. ఒరిజినల్స్ లేనిదే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేదు, అది లేకపోతే జర్మనీ దాకా ఎందుకు, నెల్లూరులో చిన్న నర్సింగ్ హోమ్ కూడా ట్రైనీ జీతమే ఇస్తానంటుంది. సర్టిఫికెట్లు ఆపితే చర్యలు తప్పవని మంత్రులు హెచ్చరిస్తూనే ఉంటారు, ఆ హెచ్చరిక కాలేజీ గేటు దాటి లోపలికి వెళ్లినట్టు లేదు. అలాగని కాలేజీని ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు, వాళ్లూ జీతాలు ఇవ్వాలి కదా.

పథకం పేర్లకు మాత్రం కొదవ లేదు. రాజశేఖరరెడ్డి గారి కాలంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ అన్నారు. 2020లో విద్యా దీవెన, వసతి దీవెన అన్నారు, డబ్బు తల్లి ఖాతాలో వేశారు, తర్వాత తల్లీబిడ్డల జాయింట్ ఖాతా తెరవమంటే బ్యాంకు ముందు క్యూ కట్టాం, ఇప్పుడు నేరుగా కాలేజీకే అంటున్నారు. ఎస్సీ పిల్లలకైతే 60 శాతం కేంద్రం వాటా పిల్లల ఖాతాలో, మిగతాది రాష్ట్రం వాటా. రెండూ ఒకే నెలలో పడితే పండగే. ఎవరి ఖాతాలో వేస్తారన్నది ఇన్నిసార్లు మార్చారు, ఎప్పుడు వేస్తారన్నది మాత్రం ఏ ప్రభుత్వమూ తేల్చలేదు.

ఇక హాస్టల్ ఖర్చు. వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000 అన్నారు. నర్సింగ్ పిల్లలకు క్లాసుతో అయిపోదండీ, క్లినికల్ పోస్టింగులంటూ పెద్దాసుపత్రికి వెళ్లాలి, బస్సు చార్జీలు, యూనిఫాం, రికార్డు పుస్తకాలు, నైట్ డ్యూటీ అయితే బయట తిండి. ఆ డబ్బు సమయానికి పడక వడ్డీకి తెచ్చి కట్టిన ఇళ్లు మా పొదలకూరు చుట్టుపక్కల ఎన్నో. నిమ్మకాయల ధర పడిపోయిన ఏడాది అయితే చెప్పక్కర్లేదు.

బ్యాంకు లోను తీసుకోవచ్చుగా అని తేలిగ్గా అనేస్తారు. 4 లక్షల దాకా తాకట్టు అడగకూడదు, ప్రభుత్వమే పూచీ ఉండే క్రెడిట్ గ్యారంటీ కింద 7.5 లక్షల దాకా మూడో మనిషి హామీ కూడా అక్కర్లేదు. మేం వెళ్లిన బ్రాంచిలో మొదటి మాటే "పాస్‌బుక్ తెచ్చారా, ఎన్ని ఎకరాలు?" కొత్తగా విద్యాలక్ష్మి అని కేంద్రం చదువు లోను పథకం అన్నారు, అది ఎంపిక చేసిన పెద్ద విద్యా సంస్థలకే.

అసలు ఇప్పుడు ఏ ఆఫీసుకెళ్లినా ఇదే తంతు. గ్రామ సచివాలయంలో అడిగితే సర్వర్ డౌన్, సంక్షేమ శాఖలో అడిగితే బిల్లు పెట్టాం ఖజానాలో ఉంది, ఖజానాలో అడిగితే విజయవాడ నుంచి రావాలి. ఒకప్పుడు గుమాస్తా కసురుకున్నా కాగితం ఎక్కడుందో చెప్పేవాడు. ఇప్పుడు మర్యాదగా నవ్వి, పోర్టల్‌లో చూసుకోమంటున్నారు. పోర్టల్ ఏమో 'పెండింగ్' అంటుంది. కరోనాలో ఈ నర్సుల కోసమే 2020 మార్చి 22న పళ్లేలు మోగించాం, తర్వాత హెలికాప్టర్లతో పూలు కూడా చల్లించారు. ఆ పెట్రోలు డబ్బులు ఇటు మళ్లించినా కొన్ని ఒరిజినల్స్ బయటికొచ్చేవేమో!

కలెక్టర్ గారిని అడిగేది ఒక్కటే. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులకు ఏ కాలేజీకి ఏ ఏడాది డబ్బు ఎంత బాకీ ఉందో కలెక్టరేట్ నోటీసు బోర్డులో పెట్టండి, బాకీ సర్కారుదైతే ఒరిజినల్స్ వెంటనే ఇవ్వాలని రాతపూర్వకంగా ఆర్డరు వేయండి. ఆ ఆర్డరు వస్తే మీ పత్రిక ఈసారి కూడా ఫొటోతోనే వేయాలి, కోసుకుని కాలేజీకి తీసుకెళ్తాం.

ఇట్లు,
ఒక నిమ్మ రైతు,
పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా