సెలవులకు మీ ఇంటికి వస్తున్న మనీ ప్లాంట్ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ శుక్రవారం ఐదో తరగతి పిల్లలు పుస్తకాల సంచీతో పాటు ఒక గాజు సీసా కూడా పట్టుకుని ఇంటికి వస్తారు. అందులో మనీ ప్లాంట్ తీగ ముక్క ఒకటి ఉంటుంది. సెలవులన్నాళ్లూ దాన్ని చూసుకోవడం పిల్లల పని. "మాకు ఇదొకటా!" అని మీలో కొందరికైనా అనిపించకుండా ఉండదు. అందుకే ఈ నెల వార్తాలేఖలో మిగతా సంగతులన్నీ పక్కన పెట్టి మొక్క గురించే రాస్తున్నాను.

ముందుగా ఒక కోరిక. సీసాలో వేళ్లు వచ్చి కుండీలోకి మారాక మొక్కకు మీరు నీళ్లు పోయకండి. పిల్లలు మర్చిపోయారని జాలిపడి అస్సలు పోయకండి. కుండీలో ఉన్న మనీ ప్లాంట్ నాలుగు రోజులు నీళ్లు లేకపోతే చావదు. ఆకులు కాస్త వేలాడతాయి, నీళ్లు పోస్తే మళ్లీ లేస్తాయి. దాన్ని చంపేది ఎక్కువ నీళ్లే.

మా వరండాలో కుండీలకు జరిగింది అదే. చివరి గంట కొట్టగానే పిల్లలు సీసాల్లో మిగిలిన నీళ్లన్నీ దారిలో ఉన్న కుండీలో ఒంపేసి వెళ్తారు. పారబోయకూడదని మేమే నేర్పాం మరి! కొన్నాళ్లకు ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. పాపం ఎండిపోతోందని ఇంకాస్త పోశారు. చివరికి సైన్సు టీచరు మొక్కను పెకలించి పిల్లల చేతికిచ్చారు. గట్టిగా, తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమ రంగులో మెత్తబడిపోయాయి. వాటిని పట్టి లాగితే పైపొర జారి చేతికొచ్చింది, లోపల దారం లాంటి పోగు ఒక్కటే మిగిలింది. వాసన సంగతి చెప్పక్కర్లేదు. వేళ్లకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో ఎప్పుడూ నీళ్లే నిలిస్తే వాటికి ఊపిరాడదు. ఆ తర్వాత కుళ్లు పట్టడానికి ఎంతోసేపు పట్టదు.

అందుకని కుండీలోకి మారాక పిల్లలకు ఒకటే నియమం: ముందు మట్టిలో వేలు పెట్టి చూడాలి. అంగుళం లోతు వరకు పొడిగా ఉంటేనే నీళ్లు. అప్పుడు కుండీ అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, కింద పళ్లెంలో నిలిచినవి పారబోయాలి. "సోమవారం, గురువారం" అని టైమ్‌టేబుల్ పెట్టుకోవద్దు. అది మన సౌకర్యమే కానీ మొక్క అవసరం కాదు. ఎండాకాలం మట్టి త్వరగా ఆరుతుంది, ముసురు రోజుల్లో వారమైనా ఆరదు.

ఇక తీగ ముక్క సంగతి. ఆకు, కాడ కలిసేచోట కణుపు ఉంటుంది. అక్కడ చిన్న గోధుమ రంగు బొడిపె కనిపిస్తుంది. వేళ్లు వచ్చేది దాని నుంచే. ఆ కణుపు నీళ్లలో మునగాలి, ఆకు మాత్రం మునగకూడదు. కణుపు లేకుండా ఒట్టి ఆకును తెంపి పెడితే చాలారోజులు పచ్చగానే ఉంటుంది కానీ కొత్త తీగ రాదు. మనీ ప్లాంట్‌ను ఇలా ముక్కలతోనే పెంచాలి, ఎందుకంటే అది దాదాపు ఎప్పుడూ పూయదు. పూతకు కావలసిన జిబ్బరెలిన్ అనే హార్మోన్‌ను అది సరిగా తయారుచేసుకోలేదని 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ హార్మోన్‌ను బయటి నుంచి చల్లితే పూసింది కూడా. దీని పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలోని మోరియా దీవి. అక్కడి నుంచి ముక్కలు ముక్కలుగానే లోకమంతా తిరిగింది.

సీసాలో ఉన్నంతకాలం నేను గట్టిగా చెప్పేది దోమల గురించి. ఈ ఒక్క విషయంలో మీరు కూడా ఓ కన్నేసి ఉంచాలి. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమకు ఇంట్లోని ఇలాంటి నిలవ నీళ్లంటే మహా ఇష్టం. గుడ్లు సీసా లోపలి గోడకు, నీటిమట్టానికి కాస్త పైన అంటించి పోతుంది. అవి ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి వారానికొకసారి నీళ్లు మార్చడం ఒక్కటే సరిపోదు, లోపలి గోడలను బ్రష్‌తో రుద్ది కడగాలి. సీసా మూతి దగ్గర తీగ చుట్టూ దూది కుక్కితే ఇంకా మంచిది.

వేళ్లు రెండు మూడు అంగుళాలు సాగాక గుల్లగా ఉండే మట్టిలోకి మార్చండి. నీళ్లలో పుట్టిన వేళ్లు కదా, మట్టికి అలవాటు పడేదాకా మొదటి రెండు వారాలు మట్టిని కొద్దిగా తడిగా ఉంచాలి. ఎరువు తొందరేం లేదు.

కిటికీ దగ్గర వెలుతురు బాగా పడేచోట పెట్టండి, ఎండ నేరుగా ఆకుల మీద పడకుండా చూడండి. ఎండకు ఆకు కాలి గోధుమ రంగు మచ్చలు పడతాయి. మూల చీకట్లో పెట్టినా బతుకుతుంది కానీ, కొత్తగా వచ్చే ఆకుల్లో పసుపు చారలు తగ్గి ఒట్టి ఆకుపచ్చ మిగులుతుంది. ఏసీ గాలి సూటిగా తగిలేచోటు వద్దు. ఆకుల మీద దుమ్మును తడిగుడ్డతో తుడిస్తే చాలు, మెరుపు కోసం నూనెలు, పాలు రాయకండి. కణుపుల దగ్గర తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే అది పిండి నల్లి, వెంటనే తుడిచేయాలి. అడుగున ఉన్న ముసలి ఆకు ఒకటి పండి రాలితే కంగారు అక్కర్లేదు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే మొక్క అంటే ఆకులు రాలవని కాదు, అన్నీ ఒక్కసారే రాలవని.

గదిలో మొక్క పెడితే గాలి శుభ్రపడుతుందని పిల్లలు మీకు చెప్పవచ్చు. ఆ ప్రచారానికి మూలం 1989లో నాసా చేసిన ప్రయోగాలు. అవి మూసి ఉంచిన చిన్న గదుల్లో చేసినవి. మామూలు ఇంట్లో కిటికీ తెరిస్తే జరిగే పని మొక్కలతో జరగాలంటే ప్రతి చదరపు మీటరుకూ కనీసం పది మొక్కలు కావాలని 2019లో ఒక సమీక్ష లెక్కగట్టింది. కిటికీ తెరవండి, మొక్కను చూసుకోవడానికి ఉంచుకోండి.

పిల్లలు వారానికోసారి నోట్‌బుక్‌లో ఆకులు లెక్కపెట్టి, కొత్త ఆకు ఉంటే బొమ్మ గీయాలి. కొత్తది చుట్ట చుట్టుకుని లేతగా వస్తుంది, అది విప్పారే రోజులు మిస్ కావద్దని చెప్పండి. దీనికి మార్కులు లేవు. మొక్క బతకకపోతే ఏం జరిగిందో రాసుకొస్తే చాలు, దయచేసి కొత్త ముక్క తెచ్చి పెట్టకండి.

చివరగా, ఈ మొక్క ఆకుల్లో, కాడల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. పిల్లులకూ కుక్కలకూ అంతే. కోసిన తర్వాత చేతులు కడుక్కోవాలి. ఇంట్లో పాకే పిల్లలు గానీ, ఆకులు కొరికే పిల్లి గానీ ఉంటే గురువారంలోగా డైరీలో రాసి పంపండి, మీ పిల్లలకు మనీ ప్లాంట్ బదులు ప్రమాదం లేని స్పైడర్ ప్లాంట్ ఇస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు