26 రోజులు మీ కాటాల దగ్గరికి ఎందుకు రాలేకపోయాం

జిన్నింగ్ మిల్లుల వాళ్ళకి, రైస్ మిల్లుల వాళ్ళకి, మిర్చి వ్యాపారులకి, ఎరువుల షాపుల వాళ్ళకి, ఏళ్ళ తరబడి మా చేతే కాటాలు బాగు చేయించుకుంటున్న అందరికీ నమస్కారం.

2025 నవంబరు 11 నుంచి డిసెంబరు 6 దాకా మేం చెప్పిన టైముకు రాలేదు. కొందరికి మూడు రోజులు ఆలస్యమైంది, కొందరికి పది రోజులు. అదీ పత్తి సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడు. రైతు పత్తి అమ్మడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ తీసుకుని, ట్రాక్టర్ కిరాయి మాట్లాడుకుని మిల్లుకు వస్తాడు. అక్కడ కాటా మీద అంకె నిలవకుండా ఎగిరెగిరి పడుతుంటే మిల్లు వాళ్ళు ఎవరికని సమాధానం చెప్తారు? ఈ 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. అంటే కిలోకు 81. బండికి పది కిలోల తేడా వస్తే 800 రూపాయలు ఎవరో ఒకరి జేబులోంచి పోయినట్టే. ఈ పనిలోనే బతుకుతున్నవాణ్ణి, ఆ సంగతి నాకు తెలుసు. ఆ 26 రోజులూ ఫోన్ మోగితే ఎత్తాలంటే టెన్షన్‌గా ఉండేది.

అడిగిన వాళ్ళందరికీ "బండి రిపేర్‌లో ఉందండీ" అని చెప్పాం. అది నిజమే. కానీ అంతే చెప్పి ఊరుకుంటే నా మనసు ఒప్పుకోవడం లేదు.

మా పాత బండి మీ అందరికీ తెలుసు. తెల్ల స్విఫ్ట్ డీజిల్, 2014లో కొన్నాను. డిక్కీలో ఎప్పుడూ 20 కిలోల తూకం రాళ్ళు పది ఉంటాయి. పోత ఇనుము రాళ్ళు, అవే 200 కిలోలు. వాటికి తోడు టూల్ బాక్స్, లోడ్ సెళ్ళు (కాటా లోపల బరువును పట్టే సెన్సర్లు), కేబుల్ చుట్టలు, ఇద్దరు మనుషులు. పదకొండేళ్ళలో 3,87,000 కిలోమీటర్లు తిరిగింది. ఎప్పుడూ నడిరోడ్డు మీద ఆపలేదు. అందులోది 1248 సీసీ ఇంజన్. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు రాగానే ఆ కంపెనీ డీజిల్ కార్లు చేయడమే మానేసింది. అప్పటి నుంచీ దాన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకుంటూ వచ్చాం.

అక్టోబరు చివర్లో పికప్ తగ్గింది. లోడుతో ఎత్తు ఎక్కుతుంటే నల్లపొగ వచ్చేది, ఆయిల్ తగ్గిపోతుండేది. తొమ్మిదేళ్ళుగా మా బండి చూస్తున్న గ్యారేజీకే తీసుకెళ్ళాను. టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని నెట్టే భాగం, పోయిందన్నాడు. "కంపెనీ పీసు, బాక్స్ ప్యాక్ వేస్తాను, ఇంకో రెండు లక్షల కిలోమీటర్లు చూడక్కర్లేదు" అన్నాడు. 38,000 అడిగితే బేరం కూడా ఆడలేదు. తొమ్మిదేళ్ళ పరిచయం కదా. అక్టోబరు 31 సాయంత్రం బండి చేతికొచ్చింది.

సరిగ్గా పదకొండో రోజు తల్లాడ దాటి ఏన్కూరు వైపు పోతుండగా బండి లోపల ఈల వేసినట్టు చప్పుడు వచ్చింది. వెంటనే వెనక రోడ్డు కనపడనంత తెల్లపొగ. మా పెద్ద టెక్నీషియన్ బండి పక్కకు తీసి తాళం తిప్పాడు. ఇంజన్ ఆగలేదు. తాళం చేతిలోకి తీసేసుకున్నాడు, అయినా ఆగలేదు. పైగా ఇంకా గట్టిగా అరుస్తోంది. టర్బో సీలు తెగితే ఇంజన్ ఆయిల్ గాలి దారిలోకి పోతుంది. డీజిల్ ఇంజన్ దాన్నే ఇంధనంగా తాగేసి తనంతట తానే పరుగెత్తుతుంది. తాళంతో దానికి పని లేదు. అతను బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి, ఐదో గేర్ వేసి, ఒక్కసారిగా క్లచ్ వదిలాడు. బండి రెండుసార్లు ఎగిరి ఆగింది. అతని చేతులు వణుకుతున్నాయని పక్కన కూర్చున్న కుర్రాడు తర్వాత నాకు చెప్పాడు. మనుషులకు ఏమీ కాలేదు. ఇంజన్ మాత్రం ఇక పనికిరాదు.

దాన్ని ఇంకో మెకానిక్ దగ్గర విప్పించాను. టర్బో మీద కొత్త స్టిక్కర్ ఉంది. స్టిక్కర్ గీకితే కింద పాత గీతలు, తుప్పు. లోపలి ఫ్యాన్ రెక్కల అంచులు ఎప్పుడో చెక్కుకుపోయి ఉన్నాయి. ఎక్కడో పాత బండిలోంచి తీసి, కడిగి, రంగేసి బిగించాడు. బిల్లు తీసి చూసుకుంటే "టర్బో రిపేర్, లేబర్‌తో సహా" అని రాసి ఉంది. కొత్తది అనే మాటే లేదు. చదవకుండా డబ్బు కట్టింది నేనే, ఆ తప్పు నాది. కానీ 38,000 పోయినందుకు కాదు నా బాధ. నేను మీ మిల్లులో లోడ్ సెల్ మారిస్తే పాతది మీ చేతిలో పెట్టి, కొత్తదాని సీరియల్ నంబర్ బిల్లులో రాస్తాను. ఎవరూ అడగకపోయినా రాస్తాను. అలాంటి నాకు తొమ్మిదేళ్ళు మొహం చూసిన మనిషి ఇలా చేశాడు. అడగడానికి వెళితే "పాత బండి కదన్నా, ఏదో ఒకటి పోతూనే ఉంటుంది" అన్నాడు. ఆ మాట నేను ఇప్పట్లో మర్చిపోలేను.

ఆ 26 రోజులు మావాళ్ళు ఆర్టీసీ బస్సుల్లో తిరిగారు. గోనెసంచిలో రెండు రాళ్ళు పెట్టి, తాడు కట్టి, లగేజీ టికెట్ తీసుకుని ఎక్కేవాళ్ళు. రెండు రాళ్ళంటే 40 కిలోలు. ప్లాట్‌ఫారం కాటాకు నాలుగు మూలలా బరువు పెట్టి చూడాలంటే అది చాలదు. అందుకే కొన్నిచోట్ల పని సగమే చేసి "మళ్ళీ వస్తాం" అని చెప్పి వచ్చారు. సాయంత్రం మా కుర్రాడి అరచేతుల్లో తాడు గీతలు ఎర్రగా తేలి కనపడేవి. వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇక్కడ రాయకుండా ఉండలేను.

ఒక మిల్లు యజమాని, పేరు చెప్పను, "మీకు బండి లేకపోతే చెప్పండి, మేం వేరేవాళ్ళని పిలుచుకుంటాం" అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. అయినా పదహారేళ్ళలో ఒక్క సీజన్ తప్పలేదు కదా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక కొత్త బండి సంగతి. దీనికే ఎక్కువ రోజులు పట్టింది. బండి లేటుగా వచ్చిందంటే సగం కారణం నేను తేల్చుకోలేకపోవడమే. ఇంట్లో వాళ్ళు, స్నేహితులు అందరూ ఒకటే మాట: "ఈ రోజుల్లో ఎవరైనా డీజిల్ కొంటారా?" కొననివాళ్ళే ఎక్కువ, నిజమే. చిన్న కార్లలో డీజిల్ ఒక్కొక్కటీ పోయింది. హ్యుందాయ్ ఐ20లో 2023లో ఆపేశారు. ఇప్పుడు షోరూముల్లో కొత్తగా దొరికే డీజిల్ హ్యాచ్‌బ్యాక్ టాటా ఆల్ట్రోజ్ ఒక్కటే. సెకండ్ హ్యాండ్ చూడమన్నారు. టర్బో అనుభవం తర్వాత ఇంకొకరి ఇంజన్ లోపల ఏముందో వాళ్ళ మాట మీద నమ్మే ఓపిక నాకు లేదు.

ఎలక్ట్రిక్ బండి చూశాను. ఊళ్ళో తిరిగేవాళ్ళకు చాలా మంచిది. కానీ ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా చర్ల పోయి రావాలంటే 350 కిలోమీటర్ల దగ్గర పడుతుంది. అదీ డిక్కీలో 200 కిలోల ఇనుముతో, ఒకే రోజులో. మధ్యలో చార్జింగ్ కోసం గంట కూర్చుంటే ఆ గంట మీ కాటా ఆగిపోయి ఉంటుంది. సీఎన్జీ చూశాను. సిలిండర్లు డిక్కీలో చోటు తినేస్తాయి, నా రాళ్ళు ఎక్కడ పెట్టను? పైగా ఏజెన్సీ వైపు దారుల్లో దాన్ని నమ్ముకుని బయల్దేరలేను.

చివరికి పెట్రోలా, డీజిలా అన్నది మిగిలింది. పాత స్విఫ్ట్ డాష్‌బోర్డులో ఒక లాంగ్ నోటుబుక్ ఉండేది. రోజూ బయల్దేరేటప్పుడు, వచ్చాక మీటరు రీడింగు, కొట్టించిన డీజిల్ అందులో రాస్తాం. మూడు రాత్రులు దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. ఈ రెండేళ్ళలో సగటున నెలకు 4,500 కిలోమీటర్లు. లోడుతో డీజిల్ లీటరుకు 20 ఇచ్చినా నెలకు 225 లీటర్లు, అప్పటి రేటు లీటరు 95.65 చొప్పున 21,500 రూపాయలు. పెట్రోల్ బండి ఇదే బరువుతో 15 ఇస్తుందనుకుంటే 300 లీటర్లు, 107.41 చొప్పున 32,200. నెలకు 10,700 తేడా. నాకు ఇచ్చిన కొటేషన్లలో డీజిల్ బండికి లక్షా 40 వేలు ఎక్కువ ఉంది. పదమూడు నెలల్లో ఆ డబ్బు తిరిగొస్తుంది. అదే నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్ళకైతే దాదాపు ఐదేళ్ళు పడుతుంది. కాబట్టి నన్ను చూసి మీరెవరూ డీజిల్ కొనకండి, ముందు మీ నెల లెక్క చూసుకోండి.

పన్ను సంగతి కూడా కలిసొచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు దాటని, 1500 సీసీ లోపు డీజిల్ కార్లకు పన్ను 31 శాతం నుంచి 18 శాతానికి దిగింది. నేను కొన్న డీజిల్ ఆల్ట్రోజ్ 1497 సీసీ. "సంస్థ పేరు మీద కొంటే ఆ జీఎస్టీ కూడా వెనక్కి వస్తుంది" అని ఇద్దరు ముగ్గురు చెప్పారు. రాదు. డ్రైవరుతో కలిపి 13 మందికి మించకుండా కూర్చునే బండి మీద మాలాంటి వాళ్ళకు ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీ వెనక్కి) ఇవ్వకుండా జీఎస్టీ చట్టంలో 17(5) సెక్షన్ ఉంది. ట్యాక్సీలకు, డ్రైవింగ్ స్కూళ్ళకు, బండ్లు అమ్మేవాళ్ళకు వేరు. మాకు దొరికేది ఆదాయపు పన్ను లెక్కలో ఏడాదికి 15 శాతం తరుగుదల మాత్రమే. అది కూడా లెక్కలో వేసుకునే కొన్నాను. డిసెంబరు 6న బండి ఇంటికి వచ్చింది.

దీనివల్ల మీకు ఒక మార్పు ఉంది. కొత్త డీజిల్ బండ్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండాక లోపల వేడి 600 డిగ్రీల దాకా వెళ్ళి మసి కాలిపోవాలి. అందుకు బండి కాసేపు ఆగకుండా మంచి స్పీడులో పోవాలి. మిర్చి యార్డు చుట్టూ పది నిమిషాలకోసారి ఆపి తీస్తుంటే ఫిల్టర్ మూసుకుపోతుంది. అందుకని ఖమ్మం టౌన్‌లో చిన్న రిపేర్లకు ఇక మావాళ్ళు బైక్ మీద వస్తారు. టౌన్‌లో రాళ్ళు కావలసిన పనులన్నీ మంగళవారం, శుక్రవారం పెట్టుకుంటాం. ఆ రెండు రోజులూ టౌన్ పని అయ్యాక బండి అటునుంచి అటే సూర్యాపేట నాలుగు లైన్ల రోడ్డెక్కుతుంది. ఆ వైపు వాళ్ళ పనులూ అప్పుడే చూస్తాం. మిర్చి సీజన్‌లో కాటా పూర్తిగా ఆగిపోయిందంటే మాత్రం ఏ రోజైనా బండి వస్తుంది, ఫిల్టర్ సంగతి నేను చూసుకుంటాను.

ఆ 26 రోజుల్లో ఏడాది స్టాంపింగ్ (కాటా సరిగ్గా ఉందని వేసే ప్రభుత్వ ముద్ర) గడువు దాటిపోయినవి మా లెక్కలో తొమ్మిది కాటాలు. మా వల్ల ఆలస్యమైంది కాబట్టి తూనికలు కొలతల శాఖకు కట్టాల్సిన అదనపు రుసుము నేనే కడతాను. ఇప్పటికే మీరు కట్టి ఉంటే రసీదు ఫొటో పంపండి, బిల్లులో తగ్గిస్తాను. సగం చేసి వదిలేసిన పనులకు రెండోసారి విజిటింగ్ చార్జీ ఉండదు.

బండి వాయిదా కట్టాలి కాబట్టి చార్జీలు పెంచమని మా అకౌంటెంట్ అంటున్నాడు. ఈ సీజన్ అయ్యేదాకా పెంచను. నన్ను నమ్మి ఆగినవాళ్ళ దగ్గర ఇప్పుడు రూపాయి ఎక్కువ అడగలేను.

వచ్చే సోమవారం భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు బయల్దేరుతున్నాం. పది రాళ్ళూ బండిలోనే ఉంటాయి. ఆ దారిలో పని ఉన్నవాళ్ళు ఆదివారం సాయంత్రం లోపు పాత నంబరుకే ఫోన్ చేయండి, నేనే ఎత్తుతాను.