ఆ ఓడ కట్టింది బొంబాయిలో

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాతకాలపు తెరచాప యుద్ధనౌకల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. బొమ్మలు బాగున్నాయి. ఇంగ్లీషు నౌకా సేనాని నెల్సన్ ఎక్కిన విక్టరీ ఓడ గురించి రాసింది కూడా బాగుంది. కానీ చివరి పేరాలో, ఇప్పటికీ నీళ్ల మీద తేలుతూ ఉన్న ట్రింకోమలీ అనే ఫ్రిగేట్ (వేగంగా పోయే మధ్యస్థాయి యుద్ధనౌక) గురించి "ఇంగ్లండ్‌లో తయారైన" అని వేశారు. అది తప్పు. ఆ ఓడ తయారైంది బొంబాయిలో. మలబారు టేకుతో, అక్కడి పార్సీ ఓడ నిర్మాతలైన వాడియా కుటుంబం పర్యవేక్షణలో కట్టారు. 1817 అక్టోబర్ 12న నీళ్లలోకి దించారు.

ఒక్క మాట కోసం ఇంత ఉత్తరమా అనుకోకండి. ఆ ఓడ నమూనా చేయడం మొదలుపెట్టి నాకు నాలుగేళ్లు దాటింది. రోజూ పొద్దున మూడు గంటలు దాని దగ్గరే కూర్చుంటాను. అందుకే ఆ మాట దగ్గర కన్ను ఆగిపోయింది.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా నాన్న వడ్రంగి. నాకు గీత చదవడం ఉద్యోగం నేర్పింది, చెక్క చదవడం నాన్న నేర్పాడు. రెండూ కలిసి పనికొచ్చే చోటు ఇన్నాళ్లకు దొరికింది.

నమూనా 1:64 కొలతలో చేస్తున్నాను. అంటే అసలు ఓడలో ఒక అడుగు నా బల్ల మీద ఐదు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఫిరంగుల అంతస్తు పొడవు 150 అడుగులు, అది 71 సెంటీమీటర్లకు వస్తుంది. ఐదున్నర అడుగుల నావికుణ్ణి నిలబెడితే చిటికెన వేలిలో సగం కూడా ఉండడు. ఇది పెట్టెలో ముక్కలు కోసి ఇచ్చే కిట్ కాదు. డ్రాయింగుల నుంచి ప్రతి ముక్కా నేనే కోసుకుంటున్నాను.

ఓడ డ్రాయింగు ఇంటి ప్లానులా ఉండదు. ఒక దాంట్లో ఓడను పక్కనుంచి చూస్తాం, ఒక దాంట్లో పైనుంచి, ఇంకో దాంట్లో ఎదురుగా నిలబడి. ఎదురుగా చూసే బొమ్మలో కుడి సగం ముందు భాగం, ఎడమ సగం వెనుక భాగం. చట్రమంటే ఓడ పక్కటెముక. నడిమి చట్రం నుంచి ముందుకు పోయేకొద్దీ చట్రాలకు ఇంగ్లీషు అక్షరాలు, వెనక్కి పోయేకొద్దీ అంకెలు. మూడు బొమ్మల్లోనూ ఒకే బిందువు ఒకే చోట కూర్చుంటేనే ఆ గీత నిజం. నా ఉద్యోగమంతా నిటారు గోడలు, సమతలాలు గీశాను. ఇందులో తిన్నని గీత వెతికి పట్టుకోవాలి. మొదటి రెండు నెలలు నేను కాగితం తప్ప చెక్క ముట్టలేదు.

ఈ గీతల కథ కూడా చెప్పాలి. ట్రింకోమలీ లెడా తరగతి ఫ్రిగేట్, అంటే లెడా అనే ఓడ గీతల మీద కట్టిన వాటిలో ఒకటి. ఆ తరగతికి మూలం ఎబే అనే ఫ్రెంచి ఓడ. 1782లో దాన్ని ఇంగ్లీషువాళ్లు పట్టుకుని, ఆకారం నచ్చి, గీతలు తీసుకున్నారు. నెపోలియన్ యుద్ధాలకు ఓడల మీద ఓడలు కట్టి ఇంగ్లండ్‌లో ఓక్ కలప కరువైపోయింది. అందుకని 1812లో బొంబాయికి ఆర్డరు ఇచ్చారు. డ్రాయింగులను జావా అనే యుద్ధనౌకలో పంపితే, అదే ఏడాది డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికన్ నౌక కాన్‌స్టిట్యూషన్ దాన్ని ఓడించింది. జావా కాలిపోయింది, డ్రాయింగులు పోయాయి. మళ్లీ నకలు పంపాల్సి వచ్చింది. ఇలా ఆలస్యమై, ఓడ నీళ్లలో దిగేసరికి యుద్ధం ముగిసి రెండేళ్లు దాటింది. ఇంగ్లండ్‌కు పోతూ 1819 జనవరిలో సెయింట్ హెలెనాలో ఆగితే, ఎవరి మీద యుద్ధానికి దాన్ని తలపెట్టారో ఆ నెపోలియన్ అప్పటికే ఆ దీవిలో బందీ.

కాబట్టి గీత ఫ్రెంచిది, ఆర్డరు ఇంగ్లీషుది. అందులో దాపరికం ఏమీ లేదు. కానీ గీత ఓడ కాదు. ఆ సంగతి నాకు ఒకటిన్నర మిల్లీమీటరు నేర్పింది.

పక్కటెముకలన్నీ నిలబెట్టి, పలకలు అతికించడం మొదలుపెట్టిన మూడో నెలలో ఒక రాత్రి టేబుల్ లైటు పక్కకు వంచి చూశాను. వెనుక నుంచి మూడో చట్రం దగ్గర చిన్న నీడ. ఓడ ఒంటి మీద నీడ జారిపోవాలి గాని ఆగకూడదు. చట్రం ఒకటిన్నర మిల్లీమీటరు లోపలికి జరిగి ఉంది. అసలు ఓడలో అది దాదాపు నాలుగు అంగుళాలు. అప్పటికే పదకొండు వరసల పలకలు పడ్డాయి. రుద్ది, లప్పం పెట్టి సర్దేయొచ్చు, రంగేశాక ఎవరికీ కనబడదు. మనసొప్పలేదు. తెల్ల జిగురే కాబట్టి తడి గుడ్డ చుట్టి, వేడి తగిలించి, పదకొండు వరసలూ ఒక్కొక్కటిగా విప్పాను. పన్నెండు రోజులు పట్టింది. నాకు ఆ గదిలో ఫ్యాను ఉంది, భూతద్దం ఉంది, విప్పి మళ్లీ చేసుకునే వీలుంది. బొంబాయిలో వాళ్లు ఇదే వంపును, నా బల్ల మీదున్న దానికి అరవై నాలుగు రెట్లు పెద్ద దూలాల్లో, బాడిసెతో చెక్కి తెచ్చారు.

అంత లావు దూలాన్ని వంచలేరు. వంపు చెట్టులోనే ఉండాలి. అంతస్తు దూలం ఓడ పక్కకు కలిసే చోట మోచేతిలా ఉండే కొయ్యలను, కొమ్మ కాండంలోంచి పుట్టే చోటు చూసి కోసేవారు. అక్కడ చెక్క చార తనంతట తనే తిరుగుతుంది కాబట్టి విరగదు. ఇది పుస్తకంలో చదివినప్పుడు నాకు నాన్న గుర్తొచ్చాడు. నాగలికి ఆయన తిన్నని మానును వంచేవాడు కాదు, వంపు తిరిగిన తుమ్మ కోసం ఊళ్లు తిరిగేవాడు. డ్రాయింగు పంపినవాళ్లు ఈ చూపును కాగితంలో పెట్టి పంపలేరు. అది పనివాడి కంట్లో ఉంటుంది.

ఇక టేకు. ఓక్‌లో ఉండే ఆమ్లం ఇనప మేకును తినేస్తుంది. టేకులో ఉండే నూనె మేకును కాపాడుతుంది. రెండు వందల ఏళ్లు దాటినా ట్రింకోమలీ ఒంట్లో చాలాభాగం అసలు టేకే ఉండటానికి ఆ నూనే ఒక పెద్ద కారణం. అదే నూనె నన్ను బాగా ఏడిపించింది. టేకు మీద జిగురు నిలవదు. అతికించే ముందు ప్రతిసారీ థిన్నర్‌తో తుడవాలి. పైగా 1:64 కొలతలో టేకు చార మరీ ముతకగా, గుంతలు గుంతలుగా కనిపిస్తుంది. అందుకని ఓడ వెన్నెముకకు మాత్రమే నాన్న వదిలివెళ్లిన పాత టేకు వాడి, మిగతాదానికి సన్నని చార ఉన్న చెక్క తీసుకున్నాను. వెన్నెముక వేసేటప్పుడు వెండి మేకు కొట్టడం వాడియాల ఆచారం. మా ఆవిడ తెగిన పట్టీ లింకు ఒకటి ఇస్తే, దాన్ని తీగలా సాగదీసి నేనూ ఒకటి కొట్టాను. అది ఇప్పుడు ఎవరికీ కనబడదు.

పై అంతస్తు పలకలకు ఒక నియమం ఉంది. ఒకే దూలం మీద రెండు అతుకులు రావాలంటే మధ్యలో మూడు పలకలు అతుకు లేకుండా సాగాలి. ఇటుక గోడలో సందు మీద సందు రానివ్వం కదా, అలాంటిదే. పలకల మధ్య తారు నింపిన గీత కనిపించాలని ప్రతి పలక అంచుకూ పెన్సిల్ రుద్దాను. చెక్కను తొలిచే సముద్రపు పురుగు రాకుండా అడుగున రాగి రేకులు తాపడం చేసేవారు. నాలుగడుగుల రేకు నా దగ్గర పందొమ్మిది మిల్లీమీటర్లు. పద్నాలుగు వందలకు పైనే అతికించాను.

ఇప్పుడు తాళ్ల పనిలో ఉన్నాను. తెరచాప స్తంభాన్ని అటూ ఇటూ పట్టి ఉంచే లావు తాళ్లకు అడ్డంగా, నావికులు ఎక్కడానికి మెట్లలా సన్న తాళ్లు కడతారు. తాడు తాడుకూ క్లోవ్ హిచ్ అనే చుట్టు ముడి. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఐదారు మిల్లీమీటర్లు. ముడి ఎక్కువ బిగిస్తే లావు తాళ్లు దగ్గరకు లాక్కుపోయి నడుం సన్నబడినట్టవుతుంది. వదులుగా ఉంటే మెట్టు జారుతుంది. వెనకాల గీతల కాగితం పెట్టుకుని, పది మెట్లు కట్టాక లేచి దూరం నుంచి చూస్తాను. రోజుకు ఇరవై మెట్లకు మించి కట్టను, చేతి బిగువు మారిపోతుంది.

కిందటేడు సగం అయిన ఈ నమూనాను ఒక ప్రదర్శనకు తీసుకెళ్లాను. పక్కన పెట్టిన కార్డు మీద "బ్రిటన్‌లో నిర్మించిన యుద్ధనౌక" అని ఉంది. మార్చమని అడిగితే నిర్వాహకుడు "బ్రిటిష్ నేవీ ఓడే కదండీ" అన్నాడు. ఓడ ఎవరిది, ఎవరు కట్టారు అనేవి రెండు వేరు ప్రశ్నలని చెప్పాను. ఆయనకు టైం లేదు. రెండు రోజులూ ఆ కార్డు అలాగే ఉంది. స్కూలు పిల్లలు వచ్చి దాన్ని నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే నాకు చాలా బాధేసింది. కనిపించిన ప్రతి పిల్లాడినీ ఆపి బొంబాయి అని దిద్దించాను. దొరకనివాళ్లు ఎంతమందో.

బొంబాయిలో ఇదొక్కటే కట్టలేదు. లవ్‌జీ నుస్సర్వాన్‌జీ వాడియా సూరత్ నుంచి వచ్చి మొదలుపెట్టిన పని అది. ఆయన వంశీకుడు జంషెడ్‌జీ బొమన్‌జీ కాలంలో 1813లో నీళ్లలో దిగిన కార్న్‌వాలిస్ అనే యుద్ధనౌక మీదనే 1842లో బ్రిటన్, చైనాల మధ్య నాన్‌కింగ్ ఒప్పందం సంతకాలు జరిగాయి. 1827లో గ్రీసు తీరాన జరిగిన నవరీనో యుద్ధంలో ఇంగ్లీషు సేనాధిపతి ఉన్న ఏషియా నౌకా బొంబాయిదే.

ట్రింకోమలీని 1897లో తుక్కు కింద అమ్మేశారు. ఒకాయన కొని, ఫూడ్రోయాంట్ అని పేరు మార్చి, శిక్షణ ఓడగా నడిపించాడు. 1986 దాకా ఆ పనిలోనే ఉంది. తరవాత ఇంగ్లండ్‌లోని హార్ట్‌లీపూల్ రేవుకు చేర్చి ఏళ్ల తరబడి బాగుచేశారు. 1992లో పాత పేరు తిరిగి ఇచ్చారు. మీరు వేసిన ఫొటో అక్కడిదే. అందులో వెనుక భాగం నా నమూనాలాగా ఉండదు. 1845 నుంచి చేసిన మార్పుల్లో ఆ ఆకారం మార్చి, ఫిరంగులు తగ్గించారు. నేను కడుతున్నది బొంబాయిలో నీళ్లలో దిగిననాటి రూపం.

దయచేసి వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అదే పేజీలో సవరణ వేయండి. లోపల ఎక్కడో చిన్న అక్షరాల్లో కాకుండా, వ్యాసం చదివినవాళ్లకు కనిపించేలా. రెండు వాక్యాలు చాలు: ట్రింకోమలీని 1817లో బొంబాయిలో కట్టారు. కట్టింది వాడియాలు, వారి దగ్గర పనిచేసిన వడ్రంగులు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్