చర్చి లెక్కల పుస్తకంలో నీళ్లకూ కరెంటుకూ ఒక పేజీ

సంపాదకులకు నమస్కారం.

ఏటా సెప్టెంబరు 1న చాలా క్రైస్తవ సంఘాల్లో సృష్టి పరిరక్షణ కోసం ప్రత్యేక ప్రార్థన పెడతారు. 1989లో కాన్‌స్టాంటినోపుల్ ఆర్థడాక్స్ పాట్రియార్క్ (ప్రధాన మతాధిపతి) దిమిత్రియోస్ మొదలుపెట్టిన ఆనవాయితీ అది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ దాన్ని కేథలిక్ సంఘంలోకి తెచ్చారు. ఇప్పుడు ప్రొటెస్టెంటు సంఘాలు కూడా అనేకం ఆ రోజు నుంచి అక్టోబరు 4 దాకా, అంటే అసిసి ఫ్రాన్సిస్ పండుగ దాకా, సృష్టి కాలంగా పాటిస్తున్నాయి. ప్రసంగాలకు లోటు లేదు. నరుణ్ని తోటలో ఉంచింది సేద్యం చేయడానికీ, కాయడానికీ అని ఆదికాండం రెండో అధ్యాయం చెబుతుందని ప్రతి విశ్వాసికీ తెలుసు. లోటల్లా సోమవారం నుంచి శనివారం దాకా చర్చి ఆవరణలో నీళ్లనూ కరెంటునూ చెట్లనూ కాపాడే పనిలోనే. ఆ పని కమిటీ మినిట్స్‌లోకీ లెక్కల పుస్తకంలోకీ ఎక్కనంతకాలం ఉత్సాహమున్న ఒక్క పాస్టరు గారి భుజాల మీదే ఉంటుంది. ఆయనకు బదిలీ అయితే అక్కడితో సరి.

అందుకే ముందు కొలవాలి. గడిచిన 12 నెలల కరెంటు బిల్లులు ముందేసుకుని ఏ నెల ఎన్ని యూనిట్లో రాయండి. తర్వాత ఆరాధన గానీ కూడిక గానీ లేని ఒక రోజు పొద్దున మీటరు చూసి, మళ్లీ మర్నాడు అదే వేళకు చూడండి. మనిషి లేని భవనం ఎంత కరెంటు తాగుతోందో తేలిపోతుంది. స్విచ్ ఆపకుండా వదిలేసిన యాంప్లిఫయర్లు, వాటర్ కూలర్, ఎక్కడో నీళ్లు కారుతుంటే పదేపదే తిరిగే మోటారు ఎక్కువగా దొరికే దొంగలు. సోలారు మాట ఎత్తకముందే ఇది చేయాలి. వృథా ఆగితే కొనాల్సిన ప్యానెళ్లు కూడా తగ్గుతాయి.

సోలారు విషయంలో చర్చికి రెండు చిక్కులున్నాయి. మొదటిది, కప్పు పెద్దదే గానీ వాడకం వారంలో కొన్ని గంటలే. 1 కిలోవాటుకు నీడ పడని చోటు సుమారు 10 చదరపు మీటర్లు కావాలి. ఎండ బాగా కాసే ప్రాంతంలో రోజుకు 4 యూనిట్ల దాకా వస్తాయి. మిగతా ఆరు రోజుల కరెంటు ఏమవుతుందన్నది ముందే తేల్చుకోవాలి. నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కు పంపిన యూనిట్లను బిల్లులో తగ్గించే పద్ధతి) ఉంటే గ్రిడ్‌కు పోతుంది, ఆవరణలో బడో హాస్టలో ఉంటే అక్కడ వాడుకోవచ్చు. వారమంతా దాచి ఆదివారం వాడుకుందామని పెద్ద బ్యాటరీలు పెట్టడం మాత్రం డబ్బు దండగ. రెండో చిక్కు గంట గోపురం నీడ. ప్యానెళ్లను ఒకదానికొకటి వరుసగా కలుపుతారు కనుక ఒక్కదాని మీద నీడ పడినా ఆ వరుస ఉత్పత్తికి దెబ్బ తగలవచ్చు. సూర్యుడు కిందుగా నడిచే చలికాలంలో ఒక రోజు 9 గంటలకు, 12కు, 3కు కప్పెక్కి, నీడ ఎక్కడి దాకా వచ్చిందో సుద్దతో గీత గీయండి. ఆ గీతలకు అవతలే ప్యానెళ్లు పెట్టించండి.

అదే కప్పు వాన నీటికీ ఉపయోగం. 200 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే 5,000 లీటర్లు. చిందగా, ఆవిరి కాగా సుమారు 4,000 చేతికొస్తాయి. మొదటి నీళ్లతో పావురాల రెట్ట, దుమ్ము దిగుతాయి కాబట్టి చదరపు మీటరుకు ఒక లీటరు లెక్కన 200 లీటర్లయినా విడిగా ఒక పైపులోకో డ్రమ్ములోకో మళ్లించాలి. దాని అడుగున చిన్న రంధ్రం ఉంటే వాన వెలిశాక తనంతట తానే ఖాళీ అవుతుంది. ఆ రంధ్రం పూడిపోయిందా, తర్వాతి వాన మురికి నేరుగా ట్యాంకులోకే. ఇంకుడు గుంత తీయిస్తే అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ముతక ఇసుక వేయించండి. సెప్టిక్ ట్యాంకుకు బాగా దూరంగా ఉండాలి. గుంత తవ్విన ఏడాది నీళ్లు బాగానే ఇంకుతాయి. తర్వాత ఇసుక మీద ఒండ్రు పొర కట్టి నీళ్లు పైనే నిలుస్తాయి, జనం గుంత పనికిరాలేదంటారు. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి కడిగి మళ్లీ పరిస్తే చాలు.

ఇక చెట్లు. ఇథియోపియా ఉత్తర పీఠభూమిలో అడవి చాలావరకు పొలాలూ పచ్చిక బీళ్లూ అయిపోయింది. మిగిలిన పాత అడవి అక్కడి ఆర్థడాక్స్ తెవాహెదో చర్చిల చుట్టూ గుండ్రటి పచ్చటి తునకలుగా నిలిచింది. చర్చి చుట్టూ ఉన్నది పవిత్రమని నరకనివ్వలేదు గనుకే అది బతికింది. అయినా పశువులు లోపలికొచ్చి లేత మొలకలు మేసేస్తుంటే ముసలి చెట్ల తర్వాత వచ్చే తరం లేకుండా పోతోంది. వృక్షశాస్త్రం తెలిసిన అలెమాయెహు వాసీ, మెగ్ లోమన్ అక్కడి పూజారులతో కలిసి చుట్టూ రాతి గోడలు కట్టించే పనికి పూనుకున్నారు. రాళ్లు పక్క పొలాల్లోవే. పొలం శుభ్రపడింది, అడవికి కంచె దొరికింది. వంద మొక్కలు నాటడం కన్నా ఉన్న చెట్ల కింద మొలిచినవాటిని కాపాడటం ఎంత తేలికో చూడండి.

కొత్తవి నాటాల్సి వస్తే రెండు వేసవులు నీళ్లు పోసే మనిషి పేరు రాసుకున్నాకే గుంతలు తీయండి. మొదలు చుట్టూ సిమెంటు వేయకండి, వేరుకు నీరూ గాలీ అందవు. సమాధుల తోటలోనూ అంతే. సమాధికీ సమాధికీ మధ్య మట్టి మీద గచ్చు పోయకుండా, కలుపు మందు కొట్టకుండా వదిలేస్తే నేల వాన పీల్చుకుంటుంది, తేనెటీగలకు పూలు దొరుకుతాయి.

ప్రభు బల్లకు (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారానికి) వాడి పారేసే ప్లాస్టిక్ కప్పుల బదులు గాజువి కొనండి, వేడినీళ్లతో కడిగే బాధ్యతకు వంతులు వేసుకోండి. ప్రేమ విందుకు (సంఘమంతా కలిసి చేసే భోజనానికి) కాగితం కప్పులు వాడితే మేలనుకుంటారు గానీ చాలావాటి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. కూటాల బ్యానరు గుడ్డ మీద రాయించి, తేదీ మాత్రం విడి చీటీ మీద పెడితే అదే ఏళ్ల తరబడి పనికొస్తుంది. పాత ఫ్లెక్సీలను ఆవరణలో తగలబెట్టే అలవాటు మాత్రం ఈ రోజే మానాలి. అది పీవీసీ అనే ప్లాస్టిక్, కాలితే విషవాయువులు వస్తాయి.

ప్రపంచ చర్చిల మండలి 2014లోనే బొగ్గు, చమురు వంటి శిలాజ ఇంధనాల్లో పెట్టుబడులు పెట్టకూడదని నిర్ణయించుకుంది. అంత పెద్ద నిధి లేని సంఘం కూడా ఏడాది చివర కానుకల లెక్క చదివేటప్పుడు వాడిన యూనిట్లు, పట్టిన వాన నీరు, బతికిన మొక్కలు ఎన్నో చదివి వినిపించవచ్చు. ఆ రిజిస్టరును యువజన కూడికలో ఇద్దరికి అప్పగించండి. ఒక్కరికే ఇస్తే పరీక్షల నెలలో పేజీ ఖాళీగా ఉంటుంది.

భవదీయులు,
చర్చి భవనాల నిర్వహణ చూసే పాఠకులు