సైనికుడి వీపు బరువు మాటేమిటి?

సంపాదకునికి,

సైన్యం ఆధునికీకరణ అనగానే తుపాకులు, ట్యాంకుల గురించే రాస్తారు. సైనికుడి వీపున ఉండే సంచి ఎవరికీ పట్టదు. అమెరికా సైన్యంలో 1970ల నాటి 'ఆలిస్' సంచి స్థానంలోకి 1990ల చివర్లో, చిన్న సంచులను కావలసినట్టు తగిలించుకునే 'మాలీ' పద్ధతి వచ్చింది. దాని కీలకమంతా కుట్టులోనే ఉంది. అంగుళం వెడల్పున్న నైలాన్ పట్టీలను వరుసలుగా పరిచి, అంగుళమున్నరకొక చోట కుట్టి బిగిస్తారు. చిన్న సంచి వెనుక పట్టీని వాటిలోంచి అల్లినట్టు దూర్చి కింద బొత్తాం నొక్కితే, పరుగెత్తినా అది ఊగదు. గాయాలకు కట్టుకట్టేవాడి అమరిక ఒకటి, రేడియో మోసేవాడిది మరొకటి. చక్కని ఏర్పాటు, సందేహం లేదు.

కానీ ఖాళీ పట్టీ కనిపిస్తే ఇంకొకటి తగిలించాలనిపిస్తుంది. మోసే బరువు ఒంటి బరువులో మూడో వంతు మించకూడదని ఏనాటి నుంచో చెబుతున్నా, అఫ్గానిస్థాన్ కొండల్లో 45 కిలోలకు పైగా మోసినవారున్నారు. నడుము పట్టీ బిగిస్తే భారం భుజాల నుంచి తుంటికి దిగాలి. కానీ ఒంటికి తొడిగిన రక్షణ కవచం ఆ పట్టీని సరిగా కూర్చోనివ్వదు. చివరికి నలిగేది మోకాళ్లు, వెన్నెముక.

ఏ సైన్యమైనా సరే, బయలుదేరేముందు ప్రతి సంచినీ తూకం వేయించాలి. ఏవి తీసేయాలో చెప్పే బాధ్యత అధికారిదే కావాలి.

— ఒక పాఠకుడు