కెమెరా మీద మొహం మొత్తిన వాళ్లకు

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీకి పాఠకులు పంపే ఫొటోల్లో ఆర్కే బీచ్ సూర్యోదయాలే ఎక్కువ. అవి తీసేవాళ్లు కొన్నాళ్లకు కెమెరాను బీరువాలో పెట్టేసి, "విశాఖలో తీయాల్సినవన్నీ అయిపోయాయి" అనడం మామూలైపోయింది. అరకు వెళ్లమనో, లంబసింగి మంచు తీయమనో, కొత్త లెన్స్ కొనమనో చుట్టూ ఉన్నవాళ్లు చెబుతారు. దానివల్ల నెల రోజులు హుషారుగా ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ మొదటికే. ఊరు మారినా తీసే పద్ధతి పాతదే కదా.

అన్నిటికన్నా ముందు లెన్స్ ఆరోగ్యం చూసుకోవాలి. ఫొటోల్లో పస తగ్గిందని దిగులుపడే కొందరి అసలు సమస్య గాజుకు పట్టిన ఫంగస్. సముద్రపు తేమకు, నెలల తరబడి మూసిన బ్యాగులో ఉండిపోయిన లెన్స్‌కు అది తేలిగ్గా పడుతుంది. లెన్స్‌ను కెమెరా నుంచి తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. సాలెగూటి పోగుల్లాంటివి కనిపిస్తే అదే. వెలుగు ఆ పోగుల మీద చెదిరిపోయి నలుపు బూడిదగా మారుతుంది, ఫొటో పాలిపోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటర్ ఉంచి, తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలిపితే ఫంగస్ భయం చాలావరకు ఉండదు. బీచ్ నుంచి వచ్చాక లెన్స్ ముందు బిగించే ఫిల్టర్ అద్దాన్ని పొడిగుడ్డతో రుద్దకండి, ఉప్పు గీతలు పెడుతుంది. ముందు తడిగుడ్డ, తర్వాతే పొడిగుడ్డ. ఏసీ గదిలోంచి బయటికి తీసుకెళ్లేటప్పుడు కెమెరాను జిప్ కవర్లోనే అరగంట ఉంచితే అద్దానికి ఆవిరి పట్టదు.

లెన్స్ శుభ్రంగానే ఉందంటే లోపం అలవాటులో ఉంది. దాన్ని కళ్లతో చూడొచ్చు. ఈమధ్య తీసిన రెండు వందల ఫొటోలను కంప్యూటర్లో ఫోకల్ లెంగ్త్ (జూమ్ ఎక్కడ పెట్టామో చెప్పే ఎంఎం అంకె) వారీగా విడదీయండి. డిజికామ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. కెమెరాతో పాటే వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్ వాడేవాళ్లవి ఎక్కువగా 18 దగ్గర, 55 దగ్గర గుట్టపడి ఉంటాయి, మధ్యలో దాదాపు ఖాళీ. రింగు తిరిగినంత మేర తిప్పి అక్కడ నొక్కేస్తున్నామన్న మాట. కాళ్లు కదలడం మానేశాయి, అన్ని ఫొటోలూ నిలబడ్డ మనిషి కంటి ఎత్తులోనే వస్తున్నాయి.

దీనికి మందు కట్టడి. జూమ్ రింగును 35 దగ్గర పెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టేయండి. చిన్న సెన్సార్ కెమెరాలో అది ఇంచుమించు పాత ఫిల్మ్ కెమెరా 50 ఎంఎం లెన్స్ చూపుతో సమానం. మెనూలో ఇమేజ్ రివ్యూ (తీయగానే ఫొటోను తెర మీద చూపడం) ఆపేయండి. పాత ఫిల్మ్ రీలులా 36 ఫొటోలే తీయండి, తీసినవాటిని వారం దాకా తెరవకండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ తీసిన రీళ్లను చాలాకాలం ఆగి కడిగించేవాడు. తీసిననాటి మూడ్ ఎంపికను పాడుచేస్తుందని ఆయన నమ్మకం. అయితే ఆ పద్ధతిని మరీ సాగదీస్తే కష్టమే: 1984లో ఆయన పోయేనాటికి దాదాపు 2,500 రీళ్లు కడగకుండా మిగిలాయి!

ఇక ఆర్కే బీచ్ సంగతి. తెల్లవారుజామున అందరూ సముద్రం వైపు తిరిగి నల్లటి ఆకారాలే తీస్తారు. సముద్రానికి వీపు పెట్టి నిలబడి చూడండి. నేలబారుగా వచ్చే ఎండ నడిచేవాళ్ల ముఖాల మీద, బీచ్ రోడ్డు మేడల మీద, కురుసుర సబ్‌మెరైన్ మీద తిన్నగా పడుతుంది. మే చివర్లో 5.20కి, జనవరిలో 6.30కి అటూ ఇటూగా సూర్యుడు వస్తాడు. ఆ వెలుగు ముప్పావుగంట మించి నిలవదు.

మిట్టమధ్యాహ్నం పనికిరాదన్న మాటను నేను ఒప్పుకోను. అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ స్పందన) 100, షట్టర్ సెకనులో 1/400 వంతు పెట్టి మాన్యువల్‌లో వదిలేసి వన్ టౌన్ సందుల్లో నడిస్తే, ఎండలో ఉన్నది సరిగ్గా వస్తుంది, నీడ చిక్కటి నలుపవుతుంది. తిప్పాల్సిందేమీ లేదు కాబట్టి చూపంతా ఆకారాల మీదే ఉంటుంది. పూర్ణా మార్కెట్ లాంటి చోట్ల నీలం టార్పాలిన్ కిందికి వెళితే మాత్రం ముఖాలు నీలమైపోతాయి, రంగును తనంతట సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఫ్రేముకో రంగు చూపిస్తుంది. టార్పాలిన్ అంచున, వీధి వెలుగు పడేచోట ఉన్న మనిషిని ఎంచుకోండి. లేదంటే రా ఫైల్ (సెన్సార్ చూసింది మార్చకుండా దాచే ఫైలు) పెట్టుకుని తెరను బ్లాక్ అండ్ వైట్‌కు మార్చండి. రంగు ఫైల్లో భద్రంగానే ఉంటుంది.

రోజుకో ఫొటో అనే ఏడాది పందెం మాత్రం వద్దు. మూడో వారానికల్లా రాత్రి పదకొండింటికి కాఫీ గ్లాసు తీసి లెక్క పూర్తి చేయడం దగ్గర ఆగుతుంది. దానికంటే హద్దులున్న విషయం ఒకటి పట్టుకోవడం నయం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ 61 రోజులూ ఫిషింగ్ హార్బర్‌లో లంగరేసిన బోట్లు, రంగులు, వలలు బాగుచేసే చేతులు, మళ్లీ వేటకు బయలుదేరే హడావుడి... మొదలూ తుదీ ఉన్న కథ అది. మొదటి రోజు కెమెరా తీయకుండా పలకరించి రండి. నేవీ స్థావరాల వైపు మాత్రం కెమెరా తిప్పకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు.

ఎంపిక తెర మీద చేయకండి. ఓ ముప్పై ఫొటోలను 4×6 మ్యాట్ ప్రింట్లు వేయించి నేల మీద పరిచి, ఒకే మాట రెండుసార్లు చెప్పేవాటిని తీసేస్తూ పోతే పది మిగులుతాయి. ఏది లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. అన్నీ దూరపు ఫొటోలైతే చేతుల ఫొటో కావాలి, అన్నీ ముఖాలైతే ఖాళీ రేవు కావాలి. మళ్లీ వెళ్లడానికి అంతకన్నా మంచి కారణం దొరకదు.

మీకో విన్నపం. పాఠకుల నుంచి విడి ఫొటోకు బదులు ఒకే వీధి మీదో, ఒకే పని మీదో తీసిన ఐదు ఫొటోల వరస అడగండి. సూర్యోదయాలు ఓ ఆరు నెలలు వద్దనండి. ప్రతి ఫొటో కింద చోటు, వేళ, లెన్స్ వివరం ఒక్క వరుసలో అచ్చువేస్తే కొత్తగా నేర్చుకునేవాళ్లకు పనికొస్తుంది.

— ఒక ఫొటోగ్రాఫర్, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం